రైతు సాయం జాబితా: ఎక్కడ చూడాలి, ఎలా చదవాలి, ఏమని అడగాలి

పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ పెట్టుబడి సాయం ఖాతాల్లో పడిన రోజు ఊళ్లో రెండే ప్రశ్నలు వినిపిస్తాయి. "నాకెందుకు పడలేదు?" అనేది ఒకటి. "వాడికెలా పడింది?" అనేది రెండోది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెండింటికీ జవాబు లబ్ధిదారుల జాబితాలోనే మొదలవుతుంది. విశాఖ జిల్లాలో ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం, పెందుర్తి వైపు పల్లెల్లో ఈ జాబితాను అడిగి తీసుకుని, పక్కన 1-బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రికార్డు) పెట్టుకుని చదివే అలవాటు పెరగాలన్నదే ఈ పోస్టు ఉద్దేశం.

జాబితా చూపించడం ఎవరో దయతో చేసే పని కాదు. సమాచార హక్కు చట్టం, 2005లో సెక్షన్ 4(1)(బి) పన్నెండో క్లాజు ఉంది. సబ్సిడీ పథకాలను ఎలా అమలు చేస్తున్నారు, ఎంత కేటాయించారు, లబ్ధిదారులు ఎవరు అన్న వివరాలను ప్రతి ప్రభుత్వ కార్యాలయం ఎవరూ అడగకముందే ప్రచురించాలని ఆ క్లాజు చెబుతుంది. పీఎం కిసాన్ మార్గదర్శకాలు కూడా అర్హుల జాబితాను గ్రామస్థాయిలో ప్రదర్శించమనే చెప్పాయి. కాబట్టి జాబితా అడిగే రైతు ఎవరి మీదా ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు. చట్టప్రకారం గోడ మీద ఉండాల్సిన కాగితం ఎక్కడుందని అడుగుతున్నాడు, అంతే.

ముందు సొమ్ము సంగతి తేల్చుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో రైతు ఖాతాకు వచ్చేది రెండు చోట్ల నుంచి. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు. ఏప్రిల్-జూలై, ఆగస్టు-నవంబర్, డిసెంబర్-మార్చి, ఈ మూడు గడువుల్లో 2,000 చొప్పున పడుతుంది. రాష్ట్రం ఇచ్చే అన్నదాత సుఖీభవ ఏడాదికి 14,000. దాన్ని 5,000, 5,000, 4,000గా కేంద్రం వాయిదాలతో కలిపి ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 2025 ఆగస్టు 2న తొలి విడత పడినప్పుడు రైతుకు 7,000 అని అందరూ చెప్పుకున్నది ఈ రెండూ కలిపిన లెక్కే. 5,000 రాష్ట్రానిది, 2,000 కేంద్రానిది. రెండూ ఒకే రోజు పడినా అర్హత నిబంధనలు, జాబితాలు, చెల్లింపు దారులు వేర్వేరు. ఒకటి పడి ఇంకోటి పడకపోవడం అందుకే జరుగుతుంది. బ్యాంకు మెసేజిలో మొత్తం ఒక్కటే చూసి ఊరుకోకుండా, పాస్‌బుక్‌లో రెండు జమలూ విడిగా ఉన్నాయా అని చూసుకోవాలి. ఏది ఆగిందో తెలియకుండా ఏ ఆఫీసుకు వెళ్లాలో తెలియదు.

ఎవరికి రావాలి, ఎవరికి రాకూడదు అన్న చోటే ఊళ్లో తగాదాలు ఎక్కువ. పీఎం కిసాన్ 2018 డిసెంబర్ 1 నుంచి వర్తించేలా మొదలైంది. తొలుత రెండు హెక్టార్ల లోపు వారికే ఉండేది. 2019 జూన్ నుంచి విస్తీర్ణం పరిమితి తీసేశారు. భూమి 2019 ఫిబ్రవరి 1 నాటికి పేరు మీద ఉండాలి. ఆ తర్వాత కొన్న భూమికి రాదు, యజమాని చనిపోయి వారసత్వంగా సంక్రమిస్తే మాత్రం మినహాయింపు ఉంది. ఈ తేదీ దాటి కొన్నవారిని, ఒకే కుటుంబంలో ఇద్దరు తీసుకుంటున్నవారిని అనుమానిత కేసులుగా పెట్టి, తనిఖీ అయ్యేదాకా కేంద్రం వాయిదాలు ఆపింది. నిన్నటిదాకా వచ్చి ఒక్కసారిగా ఆగిపోయిందనే ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం ఇదే.

కుటుంబం అంటే భార్య, భర్త, మైనర్ పిల్లలు. ఈ నిర్వచనాన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి, ముఖ్యంగా విశాఖ చుట్టుపక్కల. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులతో పాటు ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు, వాటిలో రిటైరైనవారు కూడా అనర్హులే. నాలుగో తరగతి, గ్రూప్ డి స్థాయి వారికి మాత్రం మినహాయింపు. ఇక్కడ స్టీల్‌ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు ఉద్యోగులున్న ఇళ్లు ప్రతి పల్లెలోనూ ఉంటాయి. భర్త స్టీల్‌ప్లాంటులో పనిచేస్తూ, భూమి భార్య పేరున ఉంటే ఆ కుటుంబానికి పీఎం కిసాన్ వర్తించదు. తండ్రి పేరున భూమి ఉండి, పెళ్లయిన కొడుకు ప్లాంటులో పనిచేస్తుంటే తండ్రి అర్హుడే, ఎందుకంటే పెద్దవాడైన కొడుకు ఆ నిర్వచనం ప్రకారం ఆయన కుటుంబంలోకి రాడు. "కొడుక్కి ఉజ్జోగం ఉంది కదా, తండ్రికెలా ఇస్తారు?" అని వచ్చే ఆరోపణలు చాలావరకు ఇక్కడే వీగిపోతాయి. ఆరోపణ చేసేముందు భూమి ఎవరి పేరున ఉంది, ఉద్యోగం ఎవరిది, ఇద్దరి బంధుత్వం ఏమిటి అన్న మూడూ చూడాలి.

ఆదాయపు పన్ను కట్టినవారు, నెలకు 10,000 రూపాయలు లేదా అంతకు మించి పెన్షన్ వచ్చేవారు, ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, ఇప్పటి లేదా మాజీ మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, మేయర్లు, జిల్లా పరిషత్ చైర్మన్లు కూడా అనర్హులే. సంస్థల పేరున ఉన్న భూమికి రాదు. సొంత భూమి లేని కౌలు రైతుకు కేంద్రం సొమ్ము రాదు. ఈ చివరి మాట నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది, దాని సంగతి తర్వాత.

ఇప్పుడు జాబితా ఎక్కడ చూడాలో. కేంద్రం జాబితా పీఎం కిసాన్ వెబ్‌సైటులోనే ఉంది, లాగిన్ అక్కర్లేదు. "ఫార్మర్స్ కార్నర్"లో "బెనిఫిషియరీ లిస్ట్" నొక్కి రాష్ట్రం, జిల్లా, సబ్ డిస్ట్రిక్ట్, బ్లాక్, గ్రామం ఎంచుకుంటే ఊరి మొత్తం పేర్లు వస్తాయి. గ్రామం దగ్గర చాలామంది తడబడతారు. అక్కడ ఉండేది రెవెన్యూ గ్రామం పేరు. శివారు పేటల పేర్లు, పాలెం పేర్లు కనిపించవు. పట్టాదారు పాస్‌పుస్తకంలో గ్రామం అని ఏది రాసి ఉందో దానితోనే వెతకాలి.

ఆ జాబితాలో ఉండేవి వరుస సంఖ్య, రైతు పేరు, ఆడా మగా అన్న వివరం. అంతకుమించి పెద్దగా లేదు. ఉత్తరాంధ్ర పల్లెలో ఇది ఏ మూలకీ సరిపోదు. ఒకే ఊళ్లో నలుగురు అప్పలరాజులు, ఐదుగురు అప్పలనాయుడులు, ఆరుగురు అప్పలనరసమ్మలు ఉండటం ఇక్కడ మామూలు. తండ్రి పేరో భర్త పేరో, సర్వే నంబరో లేకుండా ఏ అప్పలరాజుకు సొమ్ము పడిందో ఎవరూ చెప్పలేరు. పేరు కనబడింది కాబట్టి పారదర్శకత వచ్చేసిందని అనుకోకూడదు. పేరును భూమితో కలిపి చూడగలిగినప్పుడే జాబితా పనికొస్తుంది.

రాష్ట్రం సాయానికి అన్నదాత సుఖీభవ పోర్టల్‌లో ఆధార్ నంబరు కొట్టి ఎవరి స్థితి వారు చూసుకోవచ్చు. ఊరి జాబితా కోసం రైతు సేవా కేంద్రానికి వెళ్లాలి. గ్రామ వ్యవసాయ సహాయకుడి దగ్గర అర్హుల జాబితా, అనర్హుల జాబితా రెండూ ఉంటాయి. అడిగేటప్పుడు రెండూ కావాలని స్పష్టంగా అడగండి. అర్హుల జాబితా గోడకు అంటించినా, అనర్హుల జాబితా కారణాలతో సహా అంటించిన చోట్లు తక్కువ. నా దృష్టిలో రెండోదే ముఖ్యం. అందినవాడికి జాబితాతో పని లేదు. అందనివాడికే కారణం తెలియాలి.

అందనివారికి కారణాలు దాదాపు ఎప్పుడూ ఒకే నాలుగైదు చోట్ల ఉంటాయి. పీఎం కిసాన్ సైటులో "నో యువర్ స్టేటస్" నొక్కి రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తే వివరాలు వస్తాయి. నంబరు గుర్తులేకపోతే అదే పేజీలో మొబైల్ లేదా ఆధార్‌తో తెలుసుకోవచ్చు. తెరిచాక మూడు గడులు చూడండి: ల్యాండ్ సీడింగ్ (భూమి రికార్డుతో ముడి), ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ), ఆధార్ బ్యాంక్ సీడింగ్ (ఆధార్‌కు బ్యాంకు ఖాతా ముడి). మూడింటికీ "ఎస్" ఉండాలి. ఒక్కదానికి "నో" ఉన్నా వాయిదా ఆగుతుంది.

ఈకేవైసీ అన్నిటికంటే తేలిక. ఆధార్‌కు మొబైల్ లింకై ఉంటే ఓటీపీతో ఇంట్లోనే అయిపోతుంది. లేకపోతే కామన్ సర్వీస్ సెంటర్‌లో వేలిముద్ర వేయాలి. మట్టి పని చేసి చేతి గీతలు అరిగిన పెద్దవాళ్లకు వేలిముద్ర పడదు. అలాంటివారి కోసం 2023 జూన్‌లో పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి తెచ్చారు. ఒక రైతు తన ఫోన్‌లో మరో 100 మందికి ఇలా చేసిపెట్టవచ్చు. ఊళ్లో చదువుకున్న కుర్రాడు ఒకడు ఒక పూట కూర్చుంటే పేటలో ముసలివాళ్లందరి పనీ పూర్తవుతుంది.

బ్యాంక్ సీడింగ్ దగ్గర ఒక అపోహ ఉంది. "నా ఖాతాకు ఆధార్ ఇచ్చాను కదా" అంటారు. బ్యాంకుకు ఆధార్ కాపీ ఇవ్వడం వేరు, ఆ ఖాతాను ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో, అంటే ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో చూపే జాబితాలో, ప్రభుత్వ సొమ్ముకు ముడిపెట్టడం వేరు. ఆధార్ ఆధారిత చెల్లింపు ఖాతా నంబరు చూడదు. మ్యాపర్‌లో చివరగా ఏ బ్యాంకు నమోదై ఉందో అక్కడికే వెళుతుంది. సిమ్ కార్డు తీసుకున్నప్పుడో, ఎవరో ఊళ్లోకి వచ్చి సున్నా ఖాతా తెరిచినప్పుడో వేలిముద్ర వేసి ఉంటే, సొమ్ము ఆ ఖాతాలో పడి ఉండవచ్చు. రైతుకు మాత్రం రాలేదనే అనిపిస్తుంది. మై ఆధార్ పోర్టల్‌లో "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" చూస్తే బ్యాంకు పేరు, ఆ ముడి యాక్టివ్‌గా ఉందా లేదా అన్నది తెలుస్తుంది. మార్చాలంటే కావాల్సిన బ్యాంకు బ్రాంచికి వెళ్లి డీబీటీ (ప్రభుత్వ సొమ్ము నేరుగా ఖాతాకు రావడం) సమ్మతి ఫారం నింపి ఇవ్వాలి. ఇచ్చిన కొన్ని రోజులకు అదే పోర్టల్‌లో మళ్లీ చూసుకోవాలి. బ్రాంచిలో అయిపోయిందని చెబితే సరిపోదు, తెర మీద మారాలి.

ల్యాండ్ సీడింగ్ "నో" అని ఉంటే కష్టమైన పని. కారణం వెబ్‌ల్యాండ్‌లో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ భూమి రికార్డులో ఉంటుంది. తండ్రి చనిపోయి ఏళ్లయినా 1-బిలో ఆయన పేరే ఉండటం మొదటి కారణం. ఒకరి ఖాతాకు మరొకరి ఆధార్ ఎక్కి ఉండటం రెండోది. పేర్లు కలిసే ఊళ్లలో ఇది తరచూ జరుగుతుంది. రీసర్వే జరిగిన గ్రామాల్లో ఇంకొకటి తోడైంది: అన్నదమ్ముల భూములను, కొన్నిచోట్ల సంబంధం లేనివారి భూములను కూడా ఒకే ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబరు కింద జాయింట్‌గా పెట్టడం. ఎవరి వాటా ఎంతో రికార్డులో విడిపోకపోతే సాయం లెక్క కూడా తేలదు. వీటిలో ఏదీ వ్యవసాయ శాఖ చేతిలో లేదు. మ్యుటేషన్‌కు (రికార్డులో పేరు మార్పుకు), ఆధార్ సవరణకు సచివాలయంలో అర్జీ పెట్టి, వీఆర్వో విచారణ తర్వాత తహసీల్దారు ఆమోదం పొందాలి. రైతు సేవా కేంద్రానికి పదిసార్లు తిరిగినా అక్కడివాళ్లు చేయగలిగింది లేదు. తిప్పించుకోకుండా, మొదటి రోజే "ఇది రెవెన్యూలో సరిచేయించుకోవాలి" అని కాగితం మీద రాసి ఇవ్వడం వాళ్లు చేయగలిగిన పెద్ద మేలు.

మూడింటికీ "ఎస్" ఉండి సొమ్ము పడకపోతే చెల్లింపు వరుస చూడాలి. "ఆర్‌ఎఫ్‌టీ సైన్డ్ బై స్టేట్" అంటే రాష్ట్రం మీ పేరు తనిఖీ చేసి నిధులు విడుదల చేయమని కేంద్రాన్ని కోరింది. "ఎఫ్‌టీఓ జనరేటెడ్" అంటే చెల్లింపు ఆదేశం తయారైంది, బ్యాంకు నుంచి జమ అయినట్టు కబురు రావాలి. ఈ దశలో ఉంటే కొన్నాళ్లు ఆగడమే. లోపం సరిదిద్దుకున్నాక, అర్హత ఉంటే ఆగిన వాయిదాలు కూడా జమ చేస్తామని కేంద్రం చెప్పింది. కాబట్టి రెండేళ్ల కింద ఆగిందని వదిలేసుకోకండి.

రెండో ప్రశ్నకు వద్దాం. అనర్హులకు పడటం కట్టుకథ కాదు. 2020 జూలై నెలాఖరు వరకు 20.48 లక్షల మంది అనర్హులకు 1,364 కోట్ల రూపాయలు వెళ్లినట్టు సమాచార హక్కు దరఖాస్తుకు కేంద్ర వ్యవసాయ శాఖే జవాబిచ్చింది. వారిలో సగానికి పైగా ఆదాయపు పన్ను కట్టేవారు. అదే ఏడాది తమిళనాడులో బయటపడింది ఇంకో రకం. అధికారుల లాగిన్ వివరాలు దళారుల చేతికి చిక్కాయి. భూమి లేనివారిని కూడా రైతులుగా ఎక్కించారు. కడలూరు, విల్లుపురం, కళ్లకురిచి జిల్లాల్లో ఎక్కువగా జరిగింది. పోయిన సొమ్ము 110 కోట్లకు పైనే అని ఆ ప్రభుత్వమే చెప్పింది. ఎక్కించిన వారి పేర్లు ఊరి గోడ మీద ఉండి ఉంటే, ఆ ఊరివాళ్లే మొదటి రోజున పట్టుకునేవారు. ఎవరికి భూమి ఉందో, ఎవరికి లేదో ఊరికి తెలిసినంత ఏ సర్వర్‌కూ తెలియదు. ఏటా 5 శాతం లబ్ధిదారులను క్షేత్రస్థాయిలో తనిఖీ చేయాలన్న నిబంధన ఉంది. మిగిలిన 95 శాతాన్ని చూడగలిగింది ఊరే.

విశాఖ జిల్లాలో చూడాల్సిన చోటు ఒకటి ప్రత్యేకంగా ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అనకాపల్లి వైపు పంట భూములు ఒక జిల్లాకు, పాడేరు ఏజెన్సీ మరో జిల్లాకు వెళ్లాయి. విశాఖకు మిగిలిన పల్లెల్లో చాలావరకు నగరాన్ని ఆనుకున్నవే. ఆనందపురం పూలతోటలు, పద్మనాభం కూరగాయల మళ్లు పక్కనే రాళ్లు పాతిన లేఅవుట్లు. లేఅవుట్ వేసి, ప్లాట్లు అమ్మేసినా, భూమి ఇళ్ల స్థలాలుగా మారిన సంగతి రికార్డులో ఎక్కకపోతే పాత పట్టాదారు పేరు మీద ఆ భూమి ఇంకా సాగుభూమిగానే కనబడుతుంది. సాగు భూమికి ఇవ్వాల్సిన సాయం ఇళ్ల స్థలాలకు పోయే దారి ఇది. దీన్ని పట్టుకోవడానికి మూడు కాగితాలు చాలు: లబ్ధిదారుల జాబితా, మీభూమి వెబ్‌సైటులో దొరికే 1-బి, రైతు సేవా కేంద్రంలో ఉండే ఈ-పంట (ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో చూపే) నమోదు జాబితా. మొదటి రెండింటిలో పేరుండి, ఈ-పంటలో ఆ సర్వే నంబరు వరసగా కొన్ని సీజన్లు లేకపోతే అక్కడికి వెళ్లి చూడాలి. అక్కడ ఇళ్లుంటే విషయం తేలినట్టే. బీడు పడి ఉంటే మాత్రం తొందరపడకూడదు. నీళ్లు లేక వదిలేసిన మెట్ట కావచ్చు, సహాయకుడు నమోదు చేయకపోయి ఉండవచ్చు.

ఇంకో జాగ్రత్త. భూమి యజమాని విశాఖ ఎంవీపీ కాలనీలోనో హైదరాబాదులోనో ఉండి, ఊళ్లో పొలం కౌలుకిచ్చాడనుకోండి. అనర్హత జాబితాలో ఆయన ఏ కోవలోకీ రాకపోతే, పీఎం కిసాన్ ఆయనకు రావడం నిబంధనలకు విరుద్ధం కాదు. ఆ నిబంధనే తప్పని వాదించవచ్చు, నేనూ వాదిస్తాను. కానీ ఆ వ్యక్తిని దొంగ అనకూడదు. దున్నేవాడికి రాష్ట్రం సాయమైనా చేరాలంటే పంట సాగుదారు హక్కు పత్రమే దారి. 2019లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం దాన్ని 11 నెలల గడువుతో ఇస్తారు, యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయంతో యజమానులు వెనకాడతారు. చట్టం ఆ పత్రంతో కౌలుదారుకు భూమి మీద ఎలాంటి హక్కూ రాదని స్పష్టంగా చెబుతోంది. ఈ మాట గ్రామసభలో అధికారి నోటితో చెప్పించాలి. ఊరి జాబితాలో సొంత రైతు, సాగుదారు పత్రం ఉన్న రైతు, అటవీ హక్కు పట్టా రైతు అని విడిగా రాస్తే, ఊళ్లో నిజంగా దున్నేవారిలో ఎందరు సాయానికి బయట ఉన్నారో ఒక్క చూపులో తెలుస్తుంది. అలా రాయమని అడగాలి.

నగరంలో కలిసిపోయిన గ్రామాలది వేరే ఇబ్బంది. భీమునిపట్నం, గాజువాక, మధురవాడ, పెందుర్తి వైపు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) వార్డుల్లోకి వచ్చిన చోట్ల పంచాయతీ లేదు, గ్రామసభ లేదు. జాబితా ఎక్కడ చదవాలి? వార్డు సచివాలయంలో అంటించమని, పాత రెవెన్యూ గ్రామాల వారీగా విడదీయమని మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా అడగడం ఒక్కటే మార్గం.

నోటిమాటగా అడిగితే జాబితా దొరకనప్పుడు సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారు ఆధారం జతచేస్తే ఏమీ కట్టనక్కర్లేదు. కాపీలకు పేజీకి 2 రూపాయలు. మండల వ్యవసాయ అధికారి కార్యాలయంలోని పౌర సమాచార అధికారి పేరున, పేరు తెలియకపోతే హోదా రాసి, ఇలా అడగవచ్చు:

"ఫలానా రెవెన్యూ గ్రామంలో ఫలానా విడతకు సంబంధించి పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ లబ్ధిదారుల జాబితా ఇవ్వగలరు. అందులో రైతు పేరు, తండ్రి లేదా భర్త పేరు, సర్వే లేదా ఎల్‌పీ నంబరు, విస్తీర్ణం, రైతు కోవ, చెల్లించిన మొత్తం, తేదీ ఉండాలి. అదే విడతలో తిరస్కరించిన, నిలిపివేసిన రైతుల జాబితా, ఒక్కొక్కరికి నమోదు చేసిన కారణంతో ఇవ్వగలరు. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు నాకు అవసరం లేదు. అవి ఉంటే సెక్షన్ 10 ప్రకారం తొలగించి మిగిలినది ఇవ్వగలరు."

చివరి రెండు వాక్యాలు తప్పక రాయండి. ఒకటి, నిరాకరించడానికి సాకు ఉండదు. రెండు, అది మనం పాటించాల్సిన మర్యాద కూడా. ఆధార్ నంబర్లను బహిరంగంగా ప్రదర్శించడాన్ని ఆధార్ చట్టం సెక్షన్ 29 నిషేధిస్తోంది. జాబితా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు ఆ గడి ఉంటే కొట్టేయాలి. ఖాతా, ఫోన్ నంబర్లతో సహా జాబితా బయటికి పోతే, "మీ కిసాన్ సొమ్ము ఆగింది, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ చేసే మోసగాళ్లకు మనమే చిరునామా ఇచ్చినట్టవుతుంది.

జవాబు 30 రోజుల్లో రావాలి. గడువు దాటితే సమాచారం ఉచితంగా ఇవ్వాలి. రాకపోతే, లేదా సరిగ్గా రాకపోతే, 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

ఇకపై ఎక్కువగా రాబోయే నిరాకరణ ఒకటుంది: "ఇది వ్యక్తిగత సమాచారం, సెక్షన్ 8(1)(జె) కింద ఇవ్వలేము." ఆ క్లాజులో ఇంతకుముందు ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చన్న మాట ఉండేది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 దాన్ని కుదించి "వ్యక్తిగత సమాచారం" అన్న ఒక్క మాటగా మార్చింది. ఆ మార్పు 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. అయినా దారి మూసుకుపోలేదు. సెక్షన్ 4(1)(బి) పన్నెండో క్లాజు అలాగే ఉంది, లబ్ధిదారుల వివరాలు ప్రచురించాలన్న బాధ్యత మారలేదు. సెక్షన్ 8(2) కూడా అలాగే ఉంది. కాపాడాల్సిన ప్రయోజనాల కన్నా వెల్లడించడంలో ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చని అది చెబుతోంది. అప్పీలులో ఈ రెండింటినీ పేర్కొనాలి. దానికి తోడు మూడో వాదన: ఎవరికి ఎంత భూమి ఉందన్నది 1-బిలో ఇప్పటికే బహిరంగం. ఆ భూమి మీద ప్రభుత్వం ఎంత ఇచ్చిందో చెబితే కొత్తగా బయటపడే గుట్టు ఏమీ లేదు.

గోప్యత ఆందోళన మాత్రం ఉత్తదేమీ కాదు. ఐరోపా యూనియన్‌లో వ్యవసాయ సబ్సిడీ తీసుకున్న ప్రతి రైతు పేరూ, మొత్తం ఆన్‌లైన్‌లో పెట్టేవారు. జర్మనీ రైతులు కోర్టుకెళ్లారు. 2010 నవంబర్ 9న ఐరోపా న్యాయస్థానం, వ్యక్తుల విషయంలో అలా తేడా చూడకుండా అన్నీ ప్రచురించడం చెల్లదని తీర్పిచ్చింది. ప్రచురణ ఆగిపోలేదు. నిబంధనలు తిరగరాసి, ఏడాదికి 1,250 యూరోల లోపు సాయం పొందే చిన్న రైతుల పేర్లు దాచి, మిగిలినవారి పేరు, ఊరు, మొత్తం ప్రచురించడం మళ్లీ మొదలుపెట్టారు. మన దగ్గర అలాంటి కనీస పరిమితి పెడితే అందరూ దాని కిందికే వస్తారు, ఎందుకంటే అందరికీ వచ్చేది ఒకే చిన్న మొత్తం. అందుకే మనకు కుదిరే గీత మొత్తం దగ్గర కాదు, గడుల దగ్గర గీయాలి. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, మొత్తం గోడ మీద ఉండాలి. ఆధార్, ఖాతా, ఫోన్ ఫైలులో ఉండాలి. తిరస్కరణ కారణాల్లో మాత్రం కొంచెం ఆలోచించాలి. "ఆదాయపు పన్ను" అని గోడ మీద రాయడం ఇబ్బందైతే, కారణానికి ఒక కోడ్ నంబరు వేసి, వివరం ఆ రైతుకే చెప్పవచ్చు.

జాబితాలో నిజంగా అనర్హుడు కనబడితే ఫిర్యాదు రాసే తీరు ముఖ్యం. పేరుతో మొదలుపెట్టొద్దు. గ్రామం, సర్వే నంబరు, జాబితాలో వరుస సంఖ్య, ఏ నిబంధన ప్రకారం అనర్హత, దానికి ఆధారం, ఈ వరుసలో రాయాలి. "చాలామంది దొంగలున్నారు" అని రాసిన అర్జీని విచారించడానికి ఎవరికీ వీలుండదు. "ఫలానా సర్వే నంబరులో లేఅవుట్ ఉంది, ఫొటో జతచేశాను" అన్న అర్జీని పక్కన పెట్టడం కష్టం. మండల వ్యవసాయ అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీని రసీదు కాపీతో ఇవ్వండి. పీఎం కిసాన్ హెల్ప్‌లైన్ 155261, అన్నదాత సుఖీభవకు 155251.

తెలియక తీసుకున్నవారికి తిరిగి ఇచ్చే దారీ ఉంది. పీఎం కిసాన్ సైటులో రిఫండ్ ఆప్షన్‌లో ఆధార్ లేదా ఖాతా నంబరుతో వాయిదాలు చూసి వాపసు కట్టవచ్చు, సాయం వద్దని స్వచ్ఛందంగా వదులుకోవచ్చు కూడా. నోటీసు వచ్చేదాకా ఆగకుండా ముందే కడితే రసీదు చేతిలో ఉంటుంది.

ఏ సవరణైనా, ఏ అభ్యంతరమైనా వాయిదా పడిన మర్నాడే మొదలుపెట్టాలి. తర్వాతి విడతకు రాష్ట్రం సంతకం చేసి పంపేలోపు రికార్డు మారితేనే ఆ విడతలో ఫలితం కనిపిస్తుంది. ఏప్రిల్ గడువుకు కావాలంటే ఫిబ్రవరిలోనే వెబ్‌ల్యాండ్ సరిగా ఉండాలి. మ్యుటేషన్ అర్జీ పెట్టాల్సినవారు ఇంకా ముందే కదలాలి.